మజిలీ నుండి మజిలీకి: దూరపు నడకను గూర్చి కొన్ని మాటలు

కాలినడక అనగానే మన విద్యార్థులలో పెక్కుమందికి బస్సు తప్పిపోయిన దినమే జ్ఞప్తికి వచ్చును. నడచుట వాహనము లేనివారి అవస్థయే గాని, ఉన్నవారు కోరి చేయదగిన పని కాదను తలంపు మన సంఘములో బాగుగా వేరూరినది. మేమిద్దరము భార్యాభర్తలము. ఈ కళాశాలలోనే ఒకరము ఉర్దూ శాఖయందు, ఒకరము తెలుగు శాఖయందు పాఠములు చెప్పుచున్నాము. సెలవు దొరకినపుడెల్ల వీపున సంచి తగిలించుకొని నడచిపోవుట, ప్రొద్దు క్రుంకిన చోట గుడారము వేసికొని నిదురించుట మాకు ఇరువది యేండ్ల అలవాటు. "స్కూటరు ఉండి కూడ మీరు ఎందుకు నడుస్తారు?" అని తరగతిలో అడిగిన విద్యార్థులకు ఒక్క మాటలో సమాధానము చెప్పలేకపోతిమి. ఆ సమాధానమే ఈ వ్యాసము. దీనికి మరియొక ప్రయోజనము కూడ కలదు. దానిని చివర కళాశాల కమిటీవారి సముఖమున విన్నవించుకొనెదము.

మజిలీ అను మాట

దూరపు నడకయు, గుడారపు బసయు పాశ్చాత్యుల నుండి దిగుమతియైన వేడుకలని కొందరు తలచుచుందురు. వారికి మన భాషయే సమాధానము చెప్పుచున్నది. బాటసారి పగలెల్ల నడచి రాత్రికి దిగు తావును తెలుగువారు మజిలీ అందురు. ఈ మాట అరబ్బీ భాషలోని 'మంజిల్' నుండి వచ్చినది. ఉర్దూ చదువుకొనువారికి మంజిల్ అనగా చేరవలసిన గమ్యము. తెలుగు పల్లెవారికి మజిలీ అనగా దారి నడుమ ఆగు చోటు. ఒకే మాట ఒకరికి తుదియు, ఒకరికి విరామమును అయినది. డేరా, సామాను, సవారీ, సరాయి అను మాటలన్నియు ఇట్లే దారివెంట నడచి వచ్చి తెలుగువారి ఇండ్లలో స్థిరపడినవి. గ్రామపు పటమును తెలంగాణములో నక్ష అందురు. ఆ పటములో గీత గీసి చూపబడిన పాత దారికి నేటికిని 'నక్ష బాట' అని పేరు. పొలముల నడుమ దారి తగవు వచ్చినపుడు పెద్దలు మొదట అడుగునది నక్ష బాట ఎక్కడ ఉన్నదనియే.

మా యీ మేడ్చల్ దారికి తెలుగు సాహిత్యములో గౌరవమైన స్థానము కలదు. చెన్నపట్టణపు సుప్రీము కోర్టులో దుబాసీగా ఉద్యోగము చేసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరిరి. కుటుంబముతోను, పెద్ద పరివారముతోను, డేరాలతోను సాగిన ఆ ప్రయాణములో వారు హైదరాబాదు మీదుగా నాగపురము దిక్కునకు పోవుచు మేడ్చల్‌లో మజిలీ చేసిరి. దారిలో కనుగొన్న సంగతులను స్నేహితుడైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళెగారికి ఎప్పటికప్పుడు వ్రాసి పంపిరి. అవియే 1838లో 'కాశీయాత్ర చరిత్ర' అను గ్రంథముగా అచ్చైనవి. ఏ ఊరిలో నీరు బాగుండును, ఎక్కడ అంగళ్ళు కలవు, దారి మెట్టయా, అడవియా అను వివరములు తరువాతి బాటసారులకు అక్కరకు వచ్చునట్లు అందు కనిపించును. నేటి భాషలో చెప్పవలెనన్న అది ఒక దారిపుస్తకము.

ఒక్క సంగతి మాత్రము మరువరాదు. వీరాస్వామయ్యగారు పల్లకిలో ప్రయాణము చేసిరి. అడుగులు వేసినది బోయీలు. కోరి నడచుటకును, కూటి కొరకు నడచుటకును గల ఈ భేదమును గుర్తించని నడక వట్టి విలాసమగును. మా సంచి బరువు అనిపించినపుడెల్ల మాకు ఆ బోయీలు జ్ఞప్తికి వచ్చుచుందురు.

నాగపురము దిక్కు నుండి హైదరాబాదునకు నడచి వచ్చిన మరియొక మహనీయుడు వినోబా భావే. 1951 మార్చి, ఏప్రిల్ నెలలలో ఆయన వార్ధా ప్రాంతము నుండి హైదరాబాదు చెంతనున్న శివరాంపల్లికి సుమారు 300 మైళ్ళు కాలినడకన వచ్చిరి. అటుపిమ్మట తెలంగాణ పల్లెలలో నడచుచు ఏప్రిల్ 18న పోచంపల్లి చేరగా, అచట భూదానోద్యమము పుట్టినది. రైలులో వచ్చి రైలులో తిరిగిపోయిన యెడల ఆ ఊరిలో భూమి అడిగినవారి మాట ఆయన చెవినబడి యుండెడిదా?

రాళ్ళు, చెరువులు

మేడ్చల్ నుండి శామీర్‌పేటకు కొంగ ఎగిరినట్లు కొలిచిన పది కిలోమీటర్లకు అటు ఇటుగా ఉండును. బాటల మలుపులతో పన్నెండు, పదమూడు కిలోమీటర్లగును. మేడ్చల్‌కు సికింద్రాబాదు నుండి రైలు కలదు. శామీర్‌పేట కరీంనగరు పోవు రాజీవ్ రహదారిపై ఉన్నందున తిరుగు బస్సునకు కొదవ లేదు. కనుక క్రొత్తగా నడక నేర్చువారికి ఇంతకన్న అనువైన దారి నగరమునకు ఉత్తరమున మేమెరుగము. పెండ్లియైన తొలి యేడు మేము కలిసి నడచిన మొదటి దూరపు దారియు ఇదియే.

ఈ దారిలో మొదట చూడదగినవి రాళ్ళు. హైదరాబాదు చుట్టునున్న నల్లసేనపు రాతి వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. హిమాలయములు దీని ముందు పసిబిడ్డలు. గుండ్రని బండపై మరియొక గుండ్రని బండ ఎవరో ఎత్తి పెట్టినట్లు నిలిచియుండుట చూచి పిల్లలు అబ్బురపడుదురు. వాస్తవమునకు వానిని ఎవరును ఎత్తలేదు. భూమిలోపలనున్న రాతియందు అడ్డముగను నిలువుగను బీటలు ఉండును. ఆ బీటలలోనికి నీరు దిగి, లక్షల యేండ్లు అంచులను మెత్తబరచును. మూలలు ముందుగా అరిగి రాయి గుండ్రమగును. పిదప చుట్టునున్న మట్టి వానలకు కొట్టుకొనిపోగా, లోపలి గుండ్లు ఒకదానిపై ఒకటి బయటపడును. అనగా మనము చూచునది పేర్చిన గోడ కాదు, మట్టి తొలగిన అస్థిపంజరము. ఈ రాళ్ళను కంకర క్రింద కొట్టివేయకుండ కాపాడుటకై 1996లో హైదరాబాదున 'సొసైటీ టు సేవ్ రాక్స్' అను సంఘము ఏర్పడి, జనులను రాళ్ళ నడుమ నడిపించి చూపుచు వచ్చినది. చూడనిదానిని ఎవరును కాపాడరను సత్యమును ఆ సంఘమువారు గ్రహించిరి.

రెండవవి చెరువులు. ఈ మెట్టనేలలో జీవనది లేదు. వాననీటిని కట్టవేసి నిలుపుటయే పూర్వులు ఎరిగిన ఉపాయము. ఎగువ చెరువు నిండి అలుగు దుమికిన నీరు దిగువ చెరువునకు చేరును. గొలుసువలె ఒకదానితో ఒకటి ముడిపడిన ఈ ఏర్పాటు బస్సు కిటికీలోనుండి కనబడదు. కట్టమీద నడచి, తూము చూచి, అలుగు దాటి, వాగువెంట క్రిందికి దిగినవానికి మాత్రమే అర్థమగును. నిజాముల కాలపు శామీర్‌పేట పెద్దచెరువు కట్టపై నిలిచి చూచిన, ఇంత నీరు ఎచట నుండి వచ్చినదను ప్రశ్న పుట్టక మానదు. అంతవరకు నడచి వచ్చిన కాళ్ళకు ఆ సమాధానము తెలిసియే యుండును.

ఇరువది యేండ్లలో ఈ దారి చాల మారినది. 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి మేడ్చల్, శామీర్‌పేటల చెంత నుండియే పోవుచున్నది. 2016లో మేడ్చల్ పేరిట జిల్లాయే ఏర్పడినది. మేము తొలినాడు నడచిన బండ్లబాట నేడు రెండు చోట్ల ప్రహరీగోడలచే తెగినది. అభివృద్ధిని మేము నిందించుటలేదు. నడచువారు లేని బాటకు అడిగేవారు ఉండరని మాత్రము చెప్పుచున్నాము.

ఇతర దేశములలో ఈ సంగతిని ముందుగా గుర్తించిరి. అమెరికాలో బెంటన్ మెకాయ్ అను ఆయన 1921లో, భార్యను పోగొట్టుకొనిన ఆ సంవత్సరముననే, అపలాచియన్ కొండల పొడుగునను ఒక కాలిబాట ఉండవలెనని వ్యాసము వ్రాసెను. 1937 నాటికి ఆ బాట పూర్తియైనది. 14 రాష్ట్రముల గుండ పోవు దాని పొడవు ఇంచుమించు 3,500 కిలోమీటర్లు. చెట్లపై పూసిన తెల్లరంగు గుర్తులే దానికి మైలురాళ్ళు. దానిని చాలభాగము నేటికిని స్వచ్ఛంద సేవకులే బాగుచేయుచుందురు. 1955లో ఎమ్మా గేట్‌వుడ్ అను పల్లెటూరి స్త్రీ, పదునొకండుగురు బిడ్డల తల్లి, తన 67వ యేట మామూలు గుడ్డబూట్లతో, భుజముపై ఒక కుట్టుసంచితో ఆ బాటనంతయు ఒంటరిగా నడచి ముగించెను. దూరపు నడకకు కండబలముకన్న ఓర్పు, ఖరీదైన సరంజామాకన్న అవసరము తెలిసిన సంచి ముఖ్యమని ఆమె ఋజువు చేసెను.

కొలత తెలిసిన నడక

ఇక ఆచరణకు వత్తము. స్కాట్లండు దేశస్థుడు నైస్మిత్ 1892లో ఒక సులభమైన లెక్క చెప్పెను. సమతలముపై గంటకు 5 కిలోమీటర్లు, ఎక్కవలసిన ప్రతి 600 మీటర్ల ఎత్తునకు మరియొక గంట. ఇది ఆరితేరినవారి లెక్క. క్రొత్తవారు, సంచి మోయువారు గంటకు 3 కిలోమీటర్లని ఎంచుకొనుట మేలు. ఆ ప్రకారము మేడ్చల్ నుండి శామీర్‌పేటకు విరామములతో కలిపి అయిదు గంటలు. ఉదయము ఆరింటికి బయలుదేరిన పదకొండింటికి చెరువు చేరవచ్చును. మా ప్రాంతమున నవంబరు నుండి జనవరి వరకే విద్యార్థులను తీసికొనిపోదగిన కాలము.

గుంపు నడకలో మొదటి సూత్రము: అందరిలో నెమ్మదిగా నడచువారి వేగమే గుంపు వేగము. వారిని ముందు ఉంచవలెను, వెనుక ఉంచరాదు. మాలో ఒకరిది పొడుగు అంగ, ఒకరిది పొట్టి అంగ. పెండ్లియైన క్రొత్తలో పొడుగు అంగవారు ముందుపోయి, చెట్టుక్రింద కూర్చుండి, రెండవవారు చేరగానే లేచి మరల నడిచెడివారు. అనగా అలసట లేనివారికి విశ్రాంతియు, అలసినవారికి శ్రమయు దక్కెడివి. ఈ అన్యాయమును గ్రహించుటకు మాకు రెండేండ్లు పట్టినది. దాంపత్యమునకును ఈ సూత్రము వర్తించునని వేరుగా చెప్పనక్కరలేదు.

సంచి బరువు శరీరపు బరువులో ఆరవవంతు మించరాదు. 54 కిలోల మనిషికి 9 కిలోలు. అందులో నీరే 3 కిలోలు, ఏలయన నడచునపుడు గంటకు అరలీటరు నీరు అవసరము. చెమట ఎక్కువైన వట్టి నీరు చాలదు. కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు కలిపి త్రాగవలెను. క్రొత్త బూట్లతో దూరపు నడకకు పోరాదు. మడమ మండుచున్నదని తోచిన వెంటనే ఆగి పట్టీ అంటించవలెను; బొబ్బలేచిన పిదప అంటించిన ఫలము సగమే.

గుడారము వేయుటకు కొన్ని నియమములు కలవు. ఎండిన వాగులో వేయరాదు, ఎగువన వాన కురిసిన రాత్రికి రాత్రే నీరు రావచ్చును. ఒంటిచెట్టు క్రింద వేయరాదు, పిడుగు భయము. తేనెపట్టులున్న బండల చెంత పొగ పెట్టరాదు. నేలపట్టా గోడలతో కలిపి కుట్టిన గుడారమే వాడవలెను, ఏలయన కట్లపాము రాత్రివేళ నేలపై పడుకొన్నవారినే కాటువేయును. ఒకవేళ పాము కరచిన, కట్టు బిగించుట, కోయుట, నోటితో పీల్చుట కూడదు. కరచిన అవయవమును కదలనీయక, 108కి పిలిచి, విషమునకు విరుగుడు మందున్న ఆసుపత్రికి చేర్చుటయే చికిత్స. చెరువులో ఈత మా నడకలలో పూర్తిగా నిషిద్ధము. బసచేయు ముందు ఆ నేల యజమానిని, ఊరి పెద్దలను అడిగి అనుమతి పొందవలెను. మలవిసర్జనకు నీటికి 60 మీటర్ల దూరమున జానెడు లోతు గుంట తీసి పూడ్చవలెను. తెచ్చిన చెత్తను తెచ్చిన సంచిలోనే తిరిగి కొనిపోవలెను.

మా తప్పు

ఈ నియమములన్నియు మేము పుస్తకములలో చదివి నేర్చినవి కావు. కొన్ని సంవత్సరముల క్రిందట ఫిబ్రవరి చివరివారమున ఇరువదినలుగురు విద్యార్థినీ విద్యార్థులను ఈ దారినే నడిపించితిమి. ఉదయము ఆరింటికి కదలవలసినవారము, కొందరు ఆలస్యముగా వచ్చుటచే తొమ్మిదిన్నరకు కదలితిమి. ఆనాడే వెనుకకు తిరుగవలసినది. తిరుగలేదు. మిట్టమధ్యాహ్నపు ఎండలో, శామీర్‌పేట ఇంకను నాలుగు కిలోమీటర్లుండగా, ద్వితీయ సంవత్సరపు విద్యార్థిని యొకతె తల తిరిగి కూలబడినది. ఒళ్ళు కాలుచున్నది. పిలిచిన పలుకు సరిగా లేదు. దాపున గొర్రెలను మేపుచున్న ముసలి ఆయన పరుగున వచ్చి, ఆమెను వేపచెట్టు నీడకు చేర్పించి, ముఖముపై నీళ్ళు చల్లి, మా వైపు తిరిగి, "సారూ, ఈ ఎండల పిల్లలను ఇట్ల నడిపిస్తరా? గొర్లను సుత నేను ఈ యాళ్ళకు నీడకు తోలుత" అనెను. ఆ మాటకు మావద్ద బదులు లేదు. ఆయన పిలిచిన ట్రాక్టరుపై అమ్మాయిని ఆసుపత్రికి చేర్చితిమి. సాయంకాలమునకు ఆమె కోలుకొన్నది. ఆమె తల్లి వచ్చి మమ్ము కోపించలేదు. "మేడమ్, బిడ్డ మీ దగ్గర నా అమానత్" అని మాత్రము ఉర్దూలో అనినది. నమ్మి అప్పగించిన సొత్తును అమానత్ అందురు. అంతకుమించిన కోపము మేమెరుగము.

వారము తరువాత ఆ అమ్మాయియే మాకు అసలు సంగతి చెప్పినది. ఆమె సంచిలో నీటిసీసా నిండుగానే ఉండెను. ఉదయము నుండి ఆమె ఒక్క గుక్కయు త్రాగలేదు. దారిలో ఆడపిల్లలకు మరుగు ఎచట దొరకునో ఎవరును చెప్పలేదు, అడుగుటకు సిగ్గుపడినది, కనుక దాహమును ఓర్చుకొన్నది. తక్కిన బాలికలను విచారింపగా వారిలో చాలమంది అట్లే చేసినట్లు తెలిసినది. మాలో ఒకరు స్త్రీ అయియుండియు ఈ సంగతి ముందుగా చెప్పకపోవుట మా తప్పులలోకెల్ల పెద్దది. మేము దారి కొలిచితిమి, నీరు కొలిచితిమి, ఆ నీరు త్రాగుటకు అడ్డమేమో విచారింపలేదు.

మా విన్నపము

ఆ సంఘటన తరువాత కమిటీవారు నడకయాత్రను నిలిపివేసిరి. అది న్యాయమే. పిదప బాలురను మాత్రము తీసికొనిపోవుటకు అనుమతి నొసగిరి. ఆ అనుమతిని మేము ఇంతవరకు వినియోగించుకొనలేదు. కారణము అవిధేయత కాదు. ఎండదెబ్బ తగిలినది బాలిక అయినందున కాదు, ఏర్పాటు లోపించినందున. ఏర్పాటులోని లోపమును దిద్దుటకు బదులు బాలికలను దిద్దినట్లగుట మాకు సమ్మతముగా తోచలేదు. మన కళాశాల బాలికలలో చాలమందికి ఇల్లు, బస్సు, తరగతి తప్ప నాలుగవ చోటు లేదు. వారు పుట్టిన నగరమునకు పాతిక కిలోమీటర్ల దూరమున 250 కోట్ల యేండ్ల రాయి ఉన్నదని పరీక్షలో వ్రాయగలరు. దానిపై చేయి వేసి చూచినవారు లేరు.

కనుక కమిటీవారికి మా విన్నపము ఇది. మొదట గుడారపు బస లేకుండ, డిసెంబరు నెలలో ఒక్క పూట నడకకు అనుమతి నొసగుడు. అధ్యాపకురాండ్రు ఇద్దరు వెంట ఉందురు. ప్రతి గంటకు ఒక విరామస్థలము ముందుగా నిర్ణయింపబడును. బడియో, తెలిసినవారి ఇల్లో అయి, అచట బాలికలకు మరుగు ఏర్పాటుండును. ఉదయము ఏడు దాటిన నడక ఆనాటికి రద్దగును. వెంట ఒక వాహనము ఉండును. తల్లిదండ్రులలో ఇష్టమున్నవారు తామును నడువవచ్చును. ఆనాటి అమ్మాయి తల్లి తాను వత్తునని మాట ఇచ్చినది. ఆమె అంగను బట్టియే గుంపు నడుచును.

విద్యార్థులారా! మీరు పెద్దవారై ఎంత దూరదేశములకైన పోవచ్చును, విమానములోనే పోవచ్చును. పోవుటకు ముందు మీ ఊరి చెరువుకట్టపై ఒక్కసారి ఈ కొననుండి ఆ కొనకు నడచి చూడుడు. మంజిల్ ఎక్కడనో ఉండవచ్చును. మొదటి మజిలీ మాత్రము మీ వాకిటికి దగ్గరనే ఉన్నది.